శ్వాసను గమనించమంటే ఊపిరి బిగుసుకుపోతోంది. ధ్యానానికి ముందు ప్రాణాయామం చేయాలా?

కావలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. కాస్త కుదించి రాస్తున్నాను: "రోజూ పొద్దున్నే ధ్యానానికి కూర్చుంటున్నాను. కళ్ళు మూసుకోగానే ఇంటి లోను, అబ్బాయి ఎంసెట్ ర్యాంకు, ఆఫీసు గొడవలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. శ్వాస మీద ధ్యాస పెట్టమని యాప్‌లో చెబుతున్నారు. పెడితే ఊపిరి బిగుసుకుపోతోంది, ఒక్కోసారి గుండె దడ కూడా వస్తోంది. ముందు ప్రాణాయామం చేస్తే ధ్యానం కుదురుతుందా? ఏది చేయాలి, ఎంతసేపు? రాత్రి పడుకునే ముందు చేస్తే నిద్ర పడుతుందా?"

నెల్లూరులో మా మిద్దె మీద చాలా ఏళ్ళుగా యోగా క్లాసు నడుపుతున్నాను. ఈ ప్రశ్న రాని బ్యాచ్ లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. కుదురుతుంది. ధ్యానానికి ముందు ఐదారు నిమిషాలు ముక్కుతో, నెమ్మదిగా, పీల్చేదానికంటే వదిలేది పొడుగ్గా ఉండేలా శ్వాస తీసుకోండి. ఆ తర్వాత శ్వాసను దాని మానాన దాన్ని వదిలేసి కూర్చోండి. ప్రస్తుతానికి మీకు కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, వద్దు. ఊపిరిని వేగంగా కొట్టే కపాలభాతి, భస్త్రిక అసలే వద్దు. మీ ఇబ్బంది ధ్యానం చేతకాక వచ్చింది కాదు. శ్వాసను మార్చడం ఒక పని, శ్వాసను చూడడం ఇంకో పని. మీరు రెండూ ఒకేసారి చేస్తున్నారు.

ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పరు. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ప్రాణాయామం నాలుగోది, ధ్యానం ఏడోది. మధ్యలో ప్రత్యాహారం (ఇంద్రియాలను లోపలికి మళ్ళించడం), ధారణ (మనసును ఒకచోట నిలపడం) ఉన్నాయి. అంటే ఆ పద్ధతిలో ముందు శ్వాస వేగాన్నీ పొడవునూ మన ఇష్టప్రకారం మార్చి మనసును సిద్ధం చేసుకుంటారు, ధ్యానం సంగతి ఆ తర్వాత. బౌద్ధుల ఆనాపానసతి దారి వేరు. అక్కడ శ్వాసను ముట్టుకోరు. పొడుగ్గా వస్తే పొడుగ్గా వస్తోందని, పొట్టిగా వస్తే పొట్టిగా వస్తోందని తెలుసుకుంటూ కూర్చుంటారు. (ఇదేదో యాప్‌లతో పాటు దిగుమతైన సరుకు అనుకునేవాళ్ళకు ఒక మాట. దొనకొండ దగ్గర చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున కొండ మీద బౌద్ధుల మహాస్తూపం ఉంది. వీలైతే ఒకసారి వెళ్ళి చూడండి.)

రెండూ మంచి దారులే. కానీ ఇప్పటి వీడియోల్లో "గాఢంగా ఊపిరి పీలుస్తూ, శ్వాసను గమనించండి" అని రెండింటినీ ఒక్క ముక్కలో చెప్పేస్తారు. వినేవాళ్ళు గమనిస్తున్నాం అనుకుంటూనే ఊపిరిని లాగుతుంటారు. భుజాలు పైకి లేస్తాయి, మెడ నరాలు బిగుస్తాయి, నుదురు ముడిపడుతుంది. నా ఎదురుగా కూర్చున్నవాళ్ళ మెడ చూస్తే చాలు, శ్వాసను గమనిస్తున్నారో లాగుతున్నారో తెలిసిపోతుంది.

ఊపిరి ఎందుకు బిగుస్తుంది? మామూలుగా ఊపిరిని మెదడు అడుగు భాగం దానంతట అదే నడుపుతుంది. దాని మీద మన దృష్టి పడగానే తెలియకుండానే మనం నడపడం మొదలుపెడతాం. అవసరానికి మించి పీలుస్తాం. అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అది తగ్గితే మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కాస్త సన్నబడతాయి. తల తేలిపోతున్నట్టు, వేళ్ళ చివర్లు, పెదాల చుట్టూ చిమచిమలాడుతున్నట్టు, గుండె దడగా అనిపిస్తుంది. మనిషి కంగారుపడి "ఊపిరి చాలడం లేదు" అనుకుని ఇంకా గట్టిగా పీలుస్తాడు. పక్కనున్నవాళ్ళు కూడా "గట్టిగా ఊపిరి పీల్చుకో నాయనా" అని వీపు నిమురుతారు. ప్రేమతో చెప్పిన మాటే, కానీ అప్పుడు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

దీర్ఘశ్వాసతో ఒంటికి ఆక్సిజన్ బాగా పట్టి మనసు ప్రశాంతమవుతుందని చాలామంది చెబుతారు. కరోనా టైములో అందరం వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కొన్నాం కదా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఊరికే కూర్చున్నా అందులో 97, 98 కనిపిస్తుంది. ఎంత ఊపిరి లాగినా అది వంద దాటదు. కాబట్టి ఫలితం ఆక్సిజన్ వల్ల వస్తోందనుకోవడం సరి కాదు.

మరి దేనివల్ల? మీరే పరీక్షించుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఆనించి నాడి పట్టుకోండి. గట్టిగా నొక్కొద్దు. ఇప్పుడు నెమ్మదిగా పీల్చి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకోవడం వేలికి తెలుస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకు స్పష్టంగా, పెద్దవాళ్ళకు కాస్త మసకగా తెలుస్తుంది. ఇదేమీ జబ్బు కాదు, ఆరోగ్యమైన గుండె లక్షణమే. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం గుండెకు కళ్ళెం వేస్తుంది. వదిలే సమయాన్ని పొడిగిస్తే ఆ కళ్ళెం ఎక్కువసేపు పడుతుంది. గుండెను నేరుగా "నెమ్మదించు" అని అడగలేం, జీర్ణాన్ని అడగలేం, చెమటను అడగలేం. దానంతట అదే నడుస్తూ, మనం చెబితే కూడా వినేది ఊపిరి ఒక్కటే. దాని ద్వారా మిగతావాటిని కొంత లొంగదీసుకోవచ్చు.

పెద్దవాళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. దాన్ని 6 దగ్గరికి తెస్తే శ్వాసకు తగ్గట్టు గుండె వేగం పెరిగి తగ్గే తేడా బాగా పెద్దదవుతుంది, బీపీని సరిచేసే యంత్రాంగం కూడా అదే లయలో పనిచేస్తుంది. 2001లో ఇటలీ పరిశోధకులు జపమాల తిప్పుతూ లాటిన్‌లో ప్రార్థన చేసేవాళ్ళనూ, బౌద్ధుల ఓం మణి పద్మే మంత్రం జపించేవాళ్ళనూ పరీక్షించారు. ఇద్దరి ఊపిరీ నిమిషానికి ఇంచుమించు 6కి దిగింది. జపం చేసి లేచాక మా అత్తగారి మొహంలో ఆ నిమ్మళం ఎక్కడిదో ఆ లెక్క చూశాక నాకు అర్థమైంది.

ఇక చేసే పద్ధతి. క్లాసులో చెప్పినట్టే చెబుతాను.

కుర్చీలో కూర్చున్నా ఫర్వాలేదు. పద్మాసనం వేసి మోకాళ్ళ నొప్పి భరిస్తూ కూర్చుంటే ధ్యానమంతా మోకాళ్ళ మీదే జరుగుతుంది. పాదాలు నేలకు ఆనాలి, నడుము నిటారుగా ఉండాలి. ఒక అరచేయి బొడ్డు మీద పెట్టుకోండి. మొదట పీల్చకండి, వదలండి. ఉన్న ఊపిరంతా ముక్కుతో మెల్లగా బయటికి పంపండి, పొట్ట కాస్త లోపలికి వెళ్తుంది. తర్వాత ఒక్క క్షణం ఊరుకోండి. ఊపిరి దానంతట అదే లోపలికి వస్తుంది, చేతికింద పొట్ట లేస్తుంది. మీరు లాగక్కర్లేదు. లోపలికి వచ్చేటప్పుడు మనసులో నాలుగు అంకెలు, బయటికి పోయేటప్పుడు ఆరు అంకెలు లెక్కపెట్టండి. మొత్తం పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు. మొదటి వారం ఇది కష్టమనిపిస్తే మూడు, నాలుగుతో మొదలుపెట్టండి. అంకె పట్టు కోసం ఆయాసపడితే ఉపయోగం లేదు. సరిగ్గా జరుగుతోందనడానికి గుర్తు ఏమిటంటే, వదలడం అయ్యాక తర్వాతి ఊపిరి కోసం ఆత్రం ఉండకూడదు. ఆత్రంగా ఉంటే లెక్క తగ్గించండి.

ఐదారు నిమిషాలయ్యాక లెక్క ఆపేయండి. చేతులు ఒడిలోకి తెచ్చుకోండి. ఇక్కడే చాలామంది తడబడతారు. బాగుంది కదా అని ధ్యానంలో కూడా లెక్క కొనసాగిస్తారు, మళ్ళీ బిగుస్తారు. సైకిలు తొక్కడం ఆపాక కూడా కొంత దూరం అదే పోతుంది కదా, ఊపిరీ అంతే, కాసేపు ఆ నిదానంలోనే సాగుతుంది. తర్వాత పొట్టిదైతే పొట్టిదవనివ్వండి. మధ్యలో ఒక పెద్ద నిట్టూర్పు వస్తే రానివ్వండి. ముక్కుపుటాల దగ్గర గాలి లోపలికి వెళ్ళేటప్పుడు చల్లగా, బయటికి వచ్చేటప్పుడు కాస్త వెచ్చగా తగులుతుంది. చూడాల్సింది అదొక్కటే.

అప్పటికీ శ్వాస మీద దృష్టి పెడితే బిగుస్తోందనుకోండి, శ్వాసను వదిలేయండి. ఫ్యాను చప్పుడు వినండి, లేదా మీకు అలవాటైన నామం ఏదైనా మనసులో అనుకోండి. ధ్యానానికి శ్వాసే ఆధారం కావాలని ఎక్కడా లేదు. ఇలా చెబితే కొందరు నిరాశపడతారు, ఏదో తక్కువ రకం ధ్యానం అంటగట్టానన్నట్టు చూస్తారు. రెండు మూడు వారాలు ధ్వనితో కూర్చున్నాక శ్వాస దగ్గరికి మళ్ళీ వస్తే చాలామందికి ఆ పట్టు సడలిపోయి ఉంటుంది.

నాడీశోధన గురించి కూడా అడుగుతారు. మంచిదే. కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమతో పీల్చి, ఉంగరపు వేలితో ఎడమ మూసి కుడితో వదలడం, మళ్ళీ కుడితో పీల్చి ఎడమతో వదలడం. ఊపిరి బిగబట్టకుండా చేస్తే చాలు. ఇందులో చేతికి పని ఉంటుంది కాబట్టి మనసు మరీ పరుగులు పెట్టేవాళ్ళకు ఉత్త లెక్క కంటే ఇదే కుదురుతుంది. "నాకు ఒక ముక్కు ఎప్పుడూ మూసుకునే ఉంటుంది మేడం" అని భయపడేవాళ్ళు చాలామంది. రెండు ముక్కుపుటాల్లో ఒకటి ఎక్కువ తెరుచుకుని, కొన్ని గంటల తర్వాత రెండోదానికి మారడం సహజం. అక్టోబరు, నవంబరుల్లో మన దగ్గర వానలు పట్టి జలుబులు మొదలైతే మాత్రం రెండూ మూసుకుంటాయి. ఆ రోజుల్లో ముక్కుతో కుస్తీ పట్టొద్దు, ఆపేయండి.

భ్రామరి, అంటే నోరు మూసుకుని తుమ్మెదలా "మ్" అంటూ ఊపిరి వదలడం, నాకు ఇష్టమైన పద్ధతి. కారణం చాలా మామూలుది. ధ్వని చేస్తూ వదిలితే నిశ్వాస దానంతట అదే పొడుగవుతుంది, లెక్క అక్కర్లేదు. ముక్కుతో ఇలా ధ్వని చేసినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు మామూలు నిశ్వాస కంటే సుమారు 15 రెట్లు ఎక్కువ వస్తుందని 2002లో స్వీడన్ పరిశోధకులు చెప్పారు. దీన్ని పట్టుకుని భ్రామరితో సర్వరోగాలూ పోతాయని చెప్పేవాళ్ళున్నారు. ఆ లెక్క ముక్కులోని గాలి గురించి మాత్రమే, మనశ్శాంతి గురించి కాదు.

మైపాడు వైపు రొయ్యల గుంటలున్న ఒకాయన క్లాసుకు వచ్చేవారు. మొదటిరోజే ఊపిరి లెక్కపెట్టమంటే నిమిషానికి 20 దాటింది, అదీ ఊరికే కూర్చుని ఉండగా. "కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి మేడం. తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలిపోద్ది. కళ్ళు మూస్తే అదే కనపడద్ది, ఎట్టా కూర్చునేది?" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. ఏరియేటర్లంటే గుంట నీళ్ళకు గాలి పట్టించే యంత్రాలు, నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే. అలాంటి మనిషిని కళ్ళు మూసుకుని కూర్చోమంటే హింస. అందుకని గుంట గట్టు మీద నడుస్తూ చేయమన్నాను: మూడు అడుగులకు పీల్చడం, ఐదు అడుగులకు వదలడం, కళ్ళు తెరిచే, చూపు గట్టు మీదే. ఎలాగూ రాత్రి రెండుసార్లు లేచి గట్టు తిరుగుతారు కదా. కొన్నాళ్ళకు అడుగుల లెక్క అలవాటై, ఇంటికొచ్చాక మంచం మీద కూడా ఊపిరి నిదానించడం మొదలైంది. ఆ తర్వాతే కూర్చుని ధ్యానం. అయితే ఒకటి చెప్పాలి. ఆయన జనరేటర్ కొన్న నెలలో తగ్గినంత టెన్షన్ నేను నేర్పిన దేనివల్లా తగ్గలేదు. నిజమైన సమస్యకు ఊపిరి మందు కాదు. ఆ సమస్యను చూసుకునే ఓపిక ఇస్తుంది, అంతవరకే.

మార్కాపురం నుంచి కూతురింటికి వచ్చి ఉన్న ఒక పెద్దాయన విషయం వేరు. వయసులో రాతి పలకల పని చేశారు. టీవీలో చూసి పొద్దున్నే ఊపిరి బిగబట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు, దగ్గు తెర ఎక్కువైంది. రాతి పొడి ఏళ్ళ తరబడి పీల్చిన ఊపిరితిత్తుల సంగతి డాక్టరు చూడాలి, యోగా టీచరు కాదు. ముందు ఎక్స్‌రే తీయించుకోమని పంపాను. తర్వాత, డాక్టరు సరేనన్నాకే, పొట్ట మీద చేయి పెట్టుకుని ఇబ్బంది లేనంతవరకు మాత్రం మెల్లగా వదలడం నేర్పాను. పొగాకు బ్యారన్ల దగ్గర, క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసినవాళ్ళకూ, బీడీ సిగరెట్లు కాల్చేవాళ్ళకూ నేను చెప్పేది ఇదే.

ఎవరు జాగ్రత్తపడాలి: బీపీ ఎక్కువున్నవాళ్ళు, గుండె జబ్బున్నవాళ్ళు, ఫిట్స్ వచ్చేవాళ్ళు, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టడం జోలికి పోవద్దు. నెమ్మది శ్వాస మామూలుగా ఇబ్బంది పెట్టదు, అయినా డాక్టరుకు ఒక మాట చెప్పండి. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ మానేసి ప్రాణాయామం చేయమనే గురువు ఎవరైనా దొరికితే, ఆ గురువును మానేయండి.

ఇంకో సంగతి. కొద్దిమందికి కళ్ళు మూసుకుని నిదానిస్తుంటేనే భయం పెరుగుతుంది. పాత సంఘటనలేవో కళ్ళముందు తిరుగుతాయి. వాళ్ళు పట్టుదలకు పోకూడదు. కళ్ళు తెరిచి, ఎదురుగా గోడను చూస్తూ, రెండు మూడు నిమిషాలతో ఆపేయాలి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, బతకాలని అనిపించకపోవడం ఉంటే ఇది శ్వాసతో తేలేది కాదు. మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.

అసలు ఫలితం ఎంత అని మీరు అడగలేదు గానీ, చెప్పడం నా ధర్మం. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వందమందికి పైగా మనుషులతో ఒక పరీక్ష ప్రచురించారు. నెలరోజులు, రోజుకు ఐదు నిమిషాలు. కొందరు శ్వాసను గమనించే ధ్యానం, కొందరు రకరకాల శ్వాస పద్ధతులు చేశారు. రెండుసార్లు వరుసగా పీల్చి నిట్టూర్చినట్టు పొడుగ్గా వదిలే పద్ధతి చేసినవాళ్ళకు ఉత్సాహం అందరికంటే ఎక్కువ పెరిగింది. ఆందోళన మాత్రం ధ్యానం చేసినవాళ్ళకూ తగ్గింది. చిన్న పరీక్షే, దాని మీద మేడలు కట్టక్కర్లేదు. కానీ నేను క్లాసులో చూసేదానికి అది దగ్గరగా ఉంది: శ్వాస మార్పు ఫలితం త్వరగా కనిపిస్తుంది, ధ్యానం ఫలితం నిదానంగా వస్తుంది. శ్వాసతో ఒళ్ళు నిమ్మళిస్తుంది. ఆలోచనలు మాత్రం వస్తూనే ఉంటాయి. లోను, ఎంసెట్ అలాగే గుర్తొస్తాయి. గుర్తొచ్చినప్పుడు గుండె గుభేలుమనకపోవడమే మొదటి నెలలో మీరు ఆశించవలసింది.

చోటు, వేళ గురించి రెండు ముక్కలు. తిన్న వెంటనే వద్దు, రెండు మూడు గంటలు ఆగాలి. రోహిణి కార్తెలో ఆరు దాటితే మన ఊళ్ళలో కూర్చోలేం, అంతకుముందే కానిచ్చేయండి. గది తలుపులు మూసి అగరొత్తి, సాంబ్రాణి వెలిగించి ప్రాణాయామం చేసేవాళ్ళున్నారు. ఆ పొగనే కదా పీలుస్తున్నారు! దోమల కాయిల్ అంతకంటే దారుణం. నెల్లూరు దోమల సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు, నేను దోమతెరలోనే కూర్చుంటాను. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక నిద్ర. రాత్రి చేయవచ్చు, కానీ పొద్దుటి పద్ధతి వేరు, రాత్రిది వేరు. రాత్రి కూర్చోవద్దు, పడుకునే చేయండి. వెల్లకిలా పడుకుంటే గురక వచ్చేవాళ్ళు ఎడమ పక్కకు తిరగండి. నాలుగు, ఆరు లెక్కతో పది పదిహేను శ్వాసలు, లెక్క మధ్యలో తప్పితే మళ్ళీ వెతుక్కోకుండా వదిలేయండి. పది నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి కూర్చుని ఏదైనా చదువుకోండి, ఫోన్ కాకుండా. గురక మరీ పెద్దగా ఉండి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నారని ఇంట్లోవాళ్ళు చెబితే మాత్రం అది స్లీప్ ఆప్నియా కావచ్చు, ఊపిరితిత్తుల డాక్టరుకో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించుకోండి. మీ దడ కూడా ధ్యానంలో కూర్చున్నప్పుడే కాకుండా మెట్లెక్కేటప్పుడో, ఊరికే ఉన్నప్పుడో వస్తుంటే ఒకసారి ఈసీజీ తీయించుకుని, ఆ తర్వాత ఈ లెక్కలు మొదలుపెట్టండి.